పన్నెండుతో భాగించే గడి గారికి

చిత్తూరు

మహారాజశ్రీ ఎక్సెల్ షీటులోని ‘మొత్తం భాగించు 12’ గడి గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. అంటే తమరు క్షేమం. తమర్ని నమ్మి మామిడి గుజ్జు యూనిట్ పెట్టేవాళ్ల మాట తర్వాత.

తిరుపతి ఎంబీఏ క్లాసుల్లో ప్రాజెక్టు రిపోర్టు అనగానే తమరే దిక్కు. వంద టన్నుల తోతాపురి, కిలో 8 రూపాయలు. 2025లో ఫ్యాక్టరీలు ఇవ్వాల్సిందని ప్రభుత్వం చెప్పిన ధర ఇది, పైన 4 రూపాయలు తానిస్తానంది. మొత్తం 8 లక్షలు. తమరు దాన్ని నెలకి 66,667 చేసి వరుసగా పేర్చేశారు. జనవరిలో కూడా! జనవరిలో చెట్టుకుండేది పూత కదండీ. కాయంతా జూన్, జూలైల్లోనే వచ్చిపడుతుంది, దాని డబ్బూ అప్పుడే కావాలి.

ఇక డబ్బాలు. తొక్క, టెంక పోను గుజ్జు వచ్చేది సుమారు సగం, 50 టన్నులు. 3.1 కిలోల డబ్బాల్లో నింపితే 16 వేల పైచిలుకు. అవి కాయ రాకముందే గోడౌన్లో ఉండాలి. డబ్బాల లారీ ఆలస్యమైతే మాగిన కాయ కుళ్లిపోతుంది. తొందరపడి ముదరని కాయ దించుకుంటే గుజ్జు తీపి కొలత బ్రిక్స్ 14 అందదు, కొనేవాడు లాటంతా వెనక్కి పంపిస్తాడు. నింపిన గుజ్జు ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా అమ్ముడవుతుంది. వడ్డీ మాత్రం తమరిలాగే నెలనెలా, ఠంచనుగా.

సబ్సిడీ దగ్గర తమరి ధైర్యం ఇంకా గొప్పది. పీఎంఎఫ్‌ఎంఈ అనే చిన్న ఆహార యూనిట్ల కేంద్ర పథకం కింద ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు. దాన్ని మొదటి నెల రాబడిలో వేసేశారు! అది చేతికొచ్చే డబ్బు కాదు. లోను ఆఖరి విడత ఇచ్చిన మూడేళ్లకి, ఖాతా సక్రమంగా ఉండి యూనిట్ నడుస్తుంటేనే అప్పులో సర్దుతారు. దాంతో ఒక్క డబ్బా కూడా కొనలేం.

తప్పంతా తమరిదే అనడం లేదు లెండి. టోగో దేశంలో 1,500 మంది చిన్న వ్యాపారులపై జరిపిన ప్రయోగం ఫలితాలు 2017లో వచ్చాయి. మామూలు బిజినెస్ పాఠాలు విన్నవాళ్ల లాభం పెరిగిందని గట్టిగా చెప్పలేకపోయారు. చొరవ చూపడం, అడ్డంకులు ముందే ఊహించడం నేర్చుకున్నవాళ్లకి 30 శాతం పెరిగింది.

కాబట్టి విన్నపం ఒక్కటే. సిలబస్‌లో తమరి కుర్చీ తమరికే, కానీ జూన్‌లో ఒక రోజు పిల్లల్ని బంగారుపాళ్యం మామిడి మార్కెట్ యార్డుకి పంపండి. ట్రాక్టర్ల వరస చూశాక 66,667 రాయడానికి వాళ్ల చెయ్యి రాదు.

ఇట్లు,
మే నెల గడిలో డబ్బాల అడ్వాన్సు రాసుకోవడానికి చోటడుగుతున్నవాళ్లు