టీనగర్ పాత ఇళ్లు: కూలే గోడల కన్నా పోయే నేలే పెద్ద నష్టం

చెన్నై టీనగర్‌లో పాత ఇల్లు పడగొట్టిన ప్రతిసారీ మనం టేకు తలుపుల గురించి, గుండ్రటి బాల్కనీ గురించి బాధపడతాం. బాధపడాల్సిందే. కానీ ఆ ఇంటి చుట్టూ ఉన్న మట్టి నేల కూడా అదే రోజు పోతోంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. నా దృష్టిలో అసలు నష్టం అదే.

ఈ పేట మొత్తం ఒకప్పుడు చెరువు. మైలాపూర్, నుంగంబాక్కం చెరువులు కలిసి ‘లాంగ్ ట్యాంక్’గా ఉండేవి. 1923లో ఆ నీళ్లు తీసేసి ఇళ్ల స్థలాలు వేశారు. నుంగంబాక్కంలో ట్యాంక్ బండ్ రోడ్ అన్న పేరు ఇప్పటికీ ఉంది. అప్పట్లో మద్రాసులో జస్టిస్ పార్టీ ప్రభుత్వం, దాని పెద్ద మన కాళహస్తికి చెందిన పానగల్ రాజా. అందుకే ఇక్కడి పార్కుకు ఆయన పేరు, పేటకు ఆ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టి పేరు వచ్చాయి. త్యాగరాయ నగరే టీనగర్. 1931లో బీచ్ నుంచి తాంబరం దాకా ఎలక్ట్రిక్ రైళ్లు మొదలయ్యాక, పక్కనే ఉన్న మాంబళం స్టేషన్‌లో రైలెక్కి ఊళ్లో ఉద్యోగానికి వెళ్లి రావడం తేలికైంది. ఇళ్లు జోరందుకున్నాయి. తర్వాత సినిమా వాళ్లొచ్చారు. తిరుపతి వెళ్లిన మనవాళ్లు అటు నుంచి అటే ఇక్కడి బజుల్లా రోడ్డులో ఎన్టీఆర్ ఇంటికి వచ్చేవారన్న సంగతి తెలియని తెలుగువాడు ఉండడు.

ఆ తొలినాళ్ల ఇళ్లలో పైకప్పు చూడండి. మద్రాస్ టెర్రస్ అంటారు. టేకు దూలాలు వరసగా వేసి, వాటి మీద పలుచటి చిన్న ఇటుకలను నిలువుగా, ఐమూలగా, గానుగ సున్నంతో పేర్చేవారు. పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి పరిచి, ఆడకూలీలు వరసలో కూర్చుని కొయ్య చెక్కలతో రోజుల తరబడి కొట్టేవారు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లేవారు. ఇనుప కమ్మీ ఒక్కటి లేకుండా ఆ కప్పులు ఎన్నో ఏళ్లు నిలిచాయి. కింద ఎర్ర గచ్చు మీద ఏప్రిల్ మధ్యాహ్నం చాప పరుచుకుని పడుకున్నవాళ్లకు ఆ చల్లదనం చెప్పక్కర్లేదు. ఈ పని చేతనైన మేస్త్రీలు ఇప్పుడు దొరకడం కష్టం. అది వేరే దుఃఖం.

ఇక నేల సంగతి. చెన్నైలో స్థలం లెక్క ‘గ్రౌండు’లో చెప్తారు, అంటే 2,400 చదరపు అడుగులు. పాత ఇల్లు రెండు గ్రౌండ్లలో ఉంటే నాలుగు వైపులా ఖాళీ వదిలేవారు. వెనక బావి, పక్కన మామిడి, కొబ్బరి. ఇల్లు మాత్రం మెట్లెక్కి వెళ్లేంత ఎత్తున. చెరువు గర్భంలో కడుతున్నామన్న ఎరుక ఆ మెట్లలోనే కనిపిస్తుంది. వాన నీరు పెరట్లో ఇంకేది, మిగిలింది బావిలోకి చేరేది. ఇప్పుడు ఆ స్థలంలో ఫ్లాట్లు లేచి, ఉన్న ఖాళీ అంతా కార్ పార్కింగ్ కోసం సిమెంటు అయిపోతోంది. వీధి రోడ్డేమో వేసిన ప్రతిసారీ ఎత్తు పెరిగి, మిగిలిన పాత ఇళ్ల మెట్లను మింగేస్తోంది. 2015లో, 2021లో టీనగర్ వీధుల్లో నిలిచిన నీళ్లకు కాలువలను మాత్రమే తిట్టి లాభం లేదు.

చట్టం ఆదుకుంటుందా? భారత్ ఇన్సూరెన్స్ భవనం అనే పాత కట్టడం కూల్చివేత కేసులో 2010లో మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పు గొప్పదే. జస్టిస్ పద్మనాభన్ కమిటీ గుర్తించిన 467 వారసత్వ కట్టడాల రక్షణ గురించి అందులో చెప్పింది. అయితే ఒక గుమాస్తానో ప్లీడరో కట్టుకున్న మామూలు ఇల్లు అలాంటి జాబితాలకెక్కడం అరుదు. వారసులను తప్పుపట్టను. నలుగురు అన్నదమ్ములు పంచుకోవాల్సిన ఇంటికి డెవలపర్ ఒక్కడే దారి చూపిస్తున్నాడు.

అందుకే ఇల్లు ఎలాగూ నిలవనప్పుడు కనీసం నేలనైనా అడగాలి. తమిళనాడులో 2003 నుంచి ఇంటింటికీ వాన నీటి ఇంకుడు ఏర్పాటు తప్పనిసరి. దానికి ఇంకో రెండు షరతులు చేర్చితే చాలు: కూల్చే ముందు ఇంటి కొలతలు, ఫోటోలు కార్పొరేషన్‌కు ఇవ్వాలి, పాత బావిని పూడ్చకుండా కొత్త మేడ మీద పడ్డ వాన నీళ్లను అందులోకే పంపాలి. దీనికి బిల్డర్ ఒక్క ఫ్లాటు కూడా వదులుకోనక్కర్లేదు.