"అంతా గ్రాఫిక్సే, మనకేం సంబంధం?" అనే మెసేజ్‌కు జవాబు

కర్నూలు, నంద్యాల, కడప వైపు పేరెంట్స్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అగ్నిపర్వతాల మీద, భూకంపాల మీద ఐమాక్స్ అనే పెద్దతెర కోసం తీసిన డాక్యుమెంటరీలను స్కూళ్లలో చూపిస్తున్నారని దాని కోపం. అందులో ఉన్న మాటలు క్లుప్తంగా ఇవి. ఆ లావా అంతా కంప్యూటర్ గ్రాఫిక్స్, నిజంగా దగ్గరికి పోతే కెమెరా కరిగిపోతుంది. భూకంపం ఎప్పుడొస్తుందో సైంటిస్టులకు ముందే తెలుసు, అందుకే కెమెరాలు పెట్టుకుని కూర్చుంటారు, మనకు మాత్రం చెప్పరు. రాయలసీమ గట్టి రాతినేల, ఇక్కడ అగ్నిపర్వతమూ లేదు, భూకంపమూ రాదు. పిల్లలు జడుసుకోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. పైగా దీనికి డబ్బులు వసూలు చేస్తున్నారు.

మొదటి రెండు మాటలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. అంతా గ్రాఫిక్సే అయితే ముందే తెలుసుకుని కెమెరా పెట్టుకుని కూర్చోవడం దేనికి? రాసినాయన ఈ సంగతి గమనించినట్టు లేదు. సరే, ఒక్కొక్కటే చూద్దాం.

కెమెరా కరిగిపోదా అన్నది వినడానికి గట్టి ప్రశ్నే. హవాయిలో కిలవేయా అగ్నిపర్వతం నుంచి పారే లావా వేడి 1,100 నుంచి 1,200 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. అందులో ముంచితే ఏ కెమెరా అయినా పోతుంది. కానీ ఎవరూ ముంచరు కదా. పారే లావాకు గాలి తగలగానే పైన నల్లటి పెచ్చు కడుతుంది, లోపలి వేడిని ఆ పెచ్చు చాలావరకు ఆపుతుంది. వాలు తక్కువున్న చోట ఆ ప్రవాహం మనిషి నడక కంటే నెమ్మదిగా కదులుతుంది. ఇటుకల బట్టీ దగ్గర పనిచేసేవాళ్లకు తెలుసు, నాలుగడుగులు వెనక్కి వేస్తే వేడి ఎంత తగ్గుతుందో. ఇక్కడా అంతే. దానికి తోడు దూరం నుంచి దగ్గరగా చూపించే లెన్సులు, వేడిని తిప్పికొట్టే అల్యూమినియం పూత బట్టలు ఉంటాయి. బూడిద, రాళ్లు ఎగజిమ్మే రకం పర్వతాలైతే కిలోమీటర్ల దూరం నుంచో, హెలికాప్టర్ నుంచో తీస్తారు.

తారీఖులు చూస్తే ఇంకా సులువుగా తేలిపోతుంది. ఐమాక్స్ మొదటిసారి జనం ముందుకు వచ్చింది 1970లో, జపాన్‌లోని ఒసాకా ఎక్స్‌పోలో. అమెరికాలో సెయింట్ హెలెన్స్ పర్వతం 1980 మే 18న పేలింది. దాని మీద జార్జ్ కేసీ తీసిన ఐమాక్స్ డాక్యుమెంటరీ అదే ఏడాది వచ్చి, ఆస్కార్ నామినేషన్ కూడా తెచ్చుకుంది. 1980 నాటి కంప్యూటర్లతో అంత పెద్ద తెరకు సరిపడేలా బూడిద మేఘాన్ని బొమ్మ గీయడం కుదిరే పని కాదు. ఐమాక్స్ ఫిలిం 70 ఎంఎం వెడల్పు ఉంటుంది. మామూలు సినిమా ఫిలిం కెమెరాలో నిలువుగా దిగితే ఇది అడ్డంగా పరిగెడుతుంది, ఒక్కో ఫ్రేముకు పక్కన 15 రంధ్రాలు. నిమిషానికి వంద మీటర్ల పైచిలుకు ఫిలిం తినేస్తుంది. 40 నిమిషాల సినిమా ప్రింటు పరిస్తే నాలుగు కిలోమీటర్లు దాటుతుంది. కెమెరాలో ఒకసారి ఎక్కించిన రీలు మూడు నిమిషాలకే అయిపోతుంది. పర్వతం ఆ మూడు నిమిషాల్లోనే ఎగజిమ్మాలని రూలేమీ లేదు కాబట్టి, ఆ యూనిట్ల పనిలో ఎక్కువ భాగం ఎదురుచూపే. ఇప్పుడు డిజిటల్ కెమెరాలు వచ్చి ఆ బాధ తగ్గింది.

మెసేజ్‌లో నిజం బొత్తిగా లేదని కూడా అనను. పాత ఐమాక్స్ కెమెరా చేసే చప్పుడుకు అక్కడి శబ్దం సరిగ్గా రికార్డు కాదు. హాల్లో మన ఛాతీ అదిరేలా వినిపించే గర్జనలో చాలా భాగం తర్వాత కలిపిందే. సెయింట్ హెలెన్స్ ఉత్తరపు వాలు మొత్తం జారిపోతున్న "వీడియో" ఒకటి ఫోన్లలో తిరుగుతుంటుంది కదా, అది అసలు వీడియోనే కాదు. 18 కిలోమీటర్ల దూరంలో క్యాంపింగ్‌కు వచ్చిన గ్యారీ రోజెన్‌క్విస్ట్ అనే ఆయన వరుసగా తీసిన ఫోటోలను తర్వాత కదిలేలా అతికించారు. ఫోటోలు నిజం, కదలిక అతుకు. దీన్నీ గ్రాఫిక్స్ అని కొట్టిపారేస్తే, ఆ రోజు ప్రాణం అరచేతిలో పెట్టుకుని క్లిక్ కొట్టిన మనిషికి అన్యాయం చేసినట్టే.

ఈ సినిమాల్లో నేను నిజంగా తప్పు పట్టేది వేరే ఉంది. భూమిని కోసి లోపల చూపించే బొమ్మ. అది గ్రాఫిక్స్ అని వాళ్లే ఒప్పుకుంటారు, దాచేదేమీ లేదు. కానీ అందులో పైపొర కింద అంతా ఎర్రగా, గంజి ఉడికినట్టు కుతకుతలాడుతూ కనిపిస్తుంది. పిల్లలు మన కాళ్ల కింద నిప్పుల సముద్రం ఉందనుకుంటారు. పైపొర కింద దాదాపు 2,900 కిలోమీటర్ల లోతు వరకు ఉండే రాతి పొరను మాంటిల్ అంటారు, అది దాదాపు అంతా ఘనరూపంలోనే ఉంటుంది. లక్షల ఏళ్ల లెక్కలో నెమ్మదిగా సాగుతుందే తప్ప నీళ్లలా పారదు. అది ఎట్లా తెలుసంటే, భూకంపంలో పుట్టే ఎస్ తరంగాలు అనే రకం అదురు ద్రవం గుండా వెళ్లలేదు, మాంటిల్ గుండా మాత్రం చక్కగా వెళ్తుంది. అక్కడక్కడా కొద్దిగా కరిగిన చోట్ల నుంచే మాగ్మా, అంటే కరిగిన రాయి, పైకి వస్తుంది. మెసేజ్ రాసినాయన ఈ బొమ్మ మీద కోపగించుకుని ఉంటే నేనూ సంతకం పెట్టేవాణ్ణి.

ఇక భూకంపం సంగతి ముందే తెలుసన్న మాట. పరికరాలు పెట్టుకుని కూర్చున్న మాట నిజమే, ఒకచోట ఏళ్ల తరబడి కూర్చున్నారు కూడా. కాలిఫోర్నియాలో పార్క్‌ఫీల్డ్ అని చిన్న ఊరు. అక్కడ భూకంపాలు ఇంచుమించు 22 ఏళ్లకొకటి చొప్పున వస్తున్నట్టు కనిపించింది. 1993 లోపు తర్వాతిది వస్తుందని, 95 శాతం నమ్మకమని 1985లో ప్రకటించారు. ఆ లోయ నిండా పరికరాలు పాతి కూర్చుంటే, అది 2004 సెప్టెంబర్ 28న వచ్చింది. పదకొండేళ్లు లేటు. దాచిపెట్టే రహస్యం చేతిలో ఉన్నవాళ్లు ఇట్లా అందరి ముందూ ప్రకటించి అభాసుపాలవుతారా?

నేషనల్ జియోగ్రాఫిక్ కోసం అదే జార్జ్ కేసీ తీసి, 2004లో విడుదలైన ఐమాక్స్ డాక్యుమెంటరీలో టర్కీ భాగం ఉంది. అక్కడి ఉత్తర అనటోలియన్ భ్రంశం, అంటే నేలలోని పొడవాటి పగులు, 1939 నుంచి ఒక చివర మొదలుపెట్టి పడమటికి ఒక్కో ముక్క జారుతూ వస్తోంది. ఒకచోట జారితే పక్క ముక్క మీద ఒత్తిడి పెరుగుతుంది. ఆ సినిమాలో కనిపించే భూకంప శాస్త్రవేత్త రాస్ స్టెయిన్, మరో ఇద్దరు సహచరులు 1997లో లెక్కగట్టి, ఇజ్మిత్ ప్రాంతంలో 30 ఏళ్లలో పెద్ద భూకంపానికి 12 శాతం అవకాశం ఉందని అచ్చు వేశారు. 1999 ఆగస్టు 17న అది రానే వచ్చింది, 17 వేల మందికి పైగా పోయారు. ఇక్కడ వాళ్లకు తెలిసిందేమిటి? చోటు తెలిసింది. తేదీ తెలియలేదు. 12 శాతం అంటే రాకపోవడానికి 88 శాతం అవకాశం ఉందని కూడా అర్థం. అందుకే ఇట్లాంటి సినిమాల్లో భూకంపం అయిపోయాక మిగిలిన శిథిలాలు, సీసీ కెమెరాలకు చిక్కిన ముక్కలు, ఇళ్లను ఊపి పరీక్షించే షేక్ టేబుల్ దృశ్యాలు ఎక్కువగా ఉంటాయి. నేల ఊగే క్షణానికి పెద్ద కెమెరా పెట్టుకుని కాచుకోవడం ఎవరివల్లా కాదు.

"రాయలసీమకు సంబంధం లేదు" అన్న వాక్యం దగ్గర మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. బనగానపల్లె దగ్గరి జ్వాలాపురం వెళ్లి చూడండి. జుర్రేరు వాగు లోయలో తెల్లటి బూడిద పొర ఉంటుంది, కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మందం. అది ఇక్కడి పర్వతానిది కాదు. సుమారు 74 వేల ఏళ్ల కిందట ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు, రెండున్నర వేల కిలోమీటర్లు దాటి వచ్చి పడింది. పడింది కొన్ని సెంటీమీటర్లే, వాలుల మీద పడ్డదంతా వానలకు కొట్టుకొచ్చి లోయలో పేరుకుంది. దాన్ని తవ్వి అమ్ముకున్నారు కూడా. పురావస్తు పరిశోధకులు మైఖేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ బృందం అక్కడ తవ్వితే బూడిద పొర కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. అంత పెద్ద విస్ఫోటనం తర్వాత కూడా ఈ లోయలో మనుషులు బతికారని వాళ్లు 2007లో ప్రచురించారు. ప్రపంచం నలుమూలల నుంచి పరిశోధకులు వెతుక్కుంటూ వచ్చిన చోటు మన పక్కనే ఉంటే, మనకేం సంబంధమని అడుగుతున్నాం.

అనంతపురం జిల్లా వజ్రకరూరు సంగతీ అంతే. అక్కడి కింబర్లైట్ అనే రాతి గొట్టాల్లో ఎక్కువ భాగం సుమారు 110 కోట్ల ఏళ్ల కిందటి అగ్నిపర్వత మార్గాలు. 150 కిలోమీటర్లకు మించిన లోతులోని వజ్రాలను అవే పైకి మోసుకొచ్చాయి. తొలకరి పడగానే పనులు మానుకుని పొలాల్లో రాళ్లు ఏరుకునే జనం ఆ వజ్రాలమీదే ఆశ పెట్టుకుంటారు. పులివెందుల దగ్గర సున్నపురాయి జాతి పొరల మధ్యకు సుమారు 188 కోట్ల ఏళ్ల కిందట మాగ్మా చొచ్చుకొచ్చింది, ఆ రెండూ కలిసే అంచునే అక్కడి ఆస్‌బెస్టాస్ తయారైంది. ఇవన్నీ ఎప్పుడో చల్లారినవే. రేపు పేలుతాయని టెన్షన్ పడాల్సిన పని లేదు. అదే ఊపులో బెలూం గుహలు లావా పారి ఏర్పడ్డాయని కొందరు కామెంట్లు పెడుతున్నారు. కాదు, సున్నపురాయిని నీళ్లు కరిగించడంవల్ల ఏర్పడ్డాయి.

భూకంపం రాదనడం మరీ ప్రమాదం. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున 3:56కు మహారాష్ట్రలోని కిల్లారిలో 6.2 తీవ్రతతో వచ్చింది, పదివేల మంది దాకా పోయారు. కర్నూలు నుంచి సూటిగా కొలిస్తే 300 కిలోమీటర్ల లోపే. అప్పటి భూకంప ప్రమాద మ్యాపులో ఆ ఊరు అన్నిటికంటే సురక్షితమైన జోన్ 1లో ఉండేది. 2002లో మ్యాపు సవరించినప్పుడు జోన్ 1 అన్నదే ఎత్తేశారు. ఒంగోలులోనూ 1967 మార్చి 27న 5.4 తీవ్రతతో కంపించింది. కిల్లారిలో మనుషుల్ని చంపింది ఎక్కువగా వాళ్ల ఇళ్లే. బురదమట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు, దూలాలు, దంతెలు, పైన మోపెడు మట్టి. ఆ వర్ణన చదివితే మన పల్లెల్లోని పాత మిద్దెలు కళ్లకు కట్టవా? నేను చూసినంతలో పెద్దతెర సినిమాలన్నీ ఇస్తాంబుల్, శాన్‌ఫ్రాన్సిస్కో మేడల చుట్టూ తిరుగుతాయి, మట్టి మిద్దె జోలికి రావు. ఆ లోటు టీచర్లు పూడ్చాలి.

ఇక పిల్లలు భయపడుతున్నారన్నది. చిన్నపిల్లలకు చూపించొద్దంటే ఒప్పుకుంటాను. భయం వల్ల ఒరిగేదేమీ లేదంటే ఒప్పుకోను. 1985లో కొలంబియాలో నెవాడో డెల్ రూయిస్ పేలి, బురద వరద ముంచెత్తితే సుమారు 23 వేల మంది చనిపోయారు. అక్కడ హెచ్చరికలు లేక కాదు, అవి చివరిదాకా అందక, అందినా నమ్మక. అది చూసి ఫ్రాన్స్‌కు చెందిన అగ్నిపర్వత పరిశోధకుడు మోరిస్ క్రాఫ్ట్ అగ్నిపర్వతాల ప్రమాదాలు చూపే వీడియో ఒకటి తయారుచేశాడు. ఐమాక్స్ కాదు, మామూలు వీడియోనే. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో పొగలు కక్కుతున్నప్పుడు అధికారులకూ జనానికీ దాన్నే వేసి చూపించారు. పదుల వేల మంది ఇళ్లు వదిలి కదిలారు. జూన్ 15న పర్వతం పేలింది. తుఫాను వానకు తడిసిన బూడిద బరువుకు కప్పులు కూలి వందలమంది పోయారు గానీ, వేలమంది బతికి బయటపడ్డారు. మోరిస్, ఆయన భార్య కాతియా అప్పటికి పన్నెండు రోజుల కిందటే జపాన్‌లోని ఉన్‌జెన్ అగ్నిపర్వతం దగ్గర చనిపోయారు.

చివరగా డబ్బుల విషయం. ఐమాక్స్ అంటే ఆ తెర, ఆ హాలు. కర్నూలులోనో కడపలోనో క్లాస్‌రూము గోడ మీద ప్రొజెక్టర్‌తో వేసేది మామూలు వీడియోనే, ఇంట్లో టీవీకీ దానికీ తేడా తక్కువ. దానికి "ఐమాక్స్ షో" అని పేరు పెట్టి తలా ఇంత అని వసూలు చేస్తుంటే స్కూలుకు వెళ్లి రసీదు అడగండి. ఆ ఒక్క ముక్క మీద మెసేజ్ రాసినాయనతో నాకేం పేచీ లేదు.