పెయింట్ గన్‌కు పునరావాసం: ఒక విధాన పరిశీలన

సంక్రాంతికి ఇంటికి రంగులేసుకున్న ప్రతి గృహస్థుకీ కనుమ దాటగానే ఒక నిరుద్యోగ సమస్య ఎదురవుతుంది. ఆన్‌లైన్‌లో డిస్కౌంటుకు కొన్న ఎలక్ట్రిక్ పెయింట్ గన్ అటకెక్కి ఖాళీగా కూర్చుంటుంది. పెరట్లో చూస్తే వయ్యారిభామ మోకాలు దాటింది, మందారానికి పిండినల్లి పట్టింది. గన్‌లో పురుగుమందు పోస్తే పోలా అని ఆ గృహస్థు బుర్రలో అక్కడికక్కడే ముహూర్తం పెట్టేస్తాడు.

జాతకాలు కలవని సంబంధం ఇది. ఆ గన్ పుట్టిందే చిక్కటి రంగు కోసం. పెరుగులాంటి పెయింటును గోడకు కొట్టాల్సిన గాలి, నీళ్లలాంటి మందును పొగమంచు చేసి ఎగరగొడుతుంది. కొంత ఆకు మీద పడుతుంది, మిగతాది పక్కింటావిడ ఎండబెట్టుకున్న వడియాల మీద. అందులో పోసింది 2,4-డి కలుపుమందు అయితే ఆ కాస్త తుంపరకే పక్కింటి టమాటా ఆకులు మెలితిరిగిపోతాయి. ఆ తర్వాత పక్కింటివాళ్ల మొహాలూ.

ఇంతలో గన్‌కుండే రంగు కప్పు లోపల ఎండి అతుక్కున్న పాత పెయింటు రేకులు రేకులుగా ఊడొచ్చి నాజిల్‌కి అడ్డం పడుతుంది. గృహస్థు నాజిల్ విప్పి నోట్లో పెట్టుకుని ఊదుతాడు. (మందు ఎంత విషమో చెప్పడానికి సీసా మీద వేసే రంగు త్రికోణం డిజైను కోసం వేశారని ఆయన నమ్మకం.) మొహానికి మాస్కుంది కదా అంటాడు. అది పుట్టీ గీకేటప్పుడు లేచే దుమ్ముకు పనికొచ్చేది. మందు ఆవిరి దానికి లొంగదు.

అసలు అర్హత ఉన్న అభ్యర్థి టర్పెంటైన్ డబ్బాలో తల్లకిందులుగా నానుతోంది: రెండంగుళాల బ్రష్షు. పిండినల్లి ఒంటి మీద మైనపు పూత ఉంటుంది, పైనుంచి ఎంత చల్లినా నీళ్లు జారిపోతాయి. బ్రష్షు కుచ్చు ఆ పూతను గీకి మరీ మందు పూస్తుంది. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె. ముందుగా కాసిని గోరువెచ్చటి నీళ్లలో అర చెంచా సబ్బు ద్రావకం వేసి, నూనెను అందులో పాలలా తెల్లబడేదాకా గిలక్కొట్టి, ఆ తర్వాతే మిగతా నీళ్లు. ఈ వరస తప్పితే నూనె పైకి తేలి, మొదటి మొక్కకు నీళ్లు, చివరి మొక్కకు ఉత్త నూనె దక్కుతాయి. ఎండ తగ్గాక కణుపుల్లో, ఆకు అడుగున పూయాలి.

వయ్యారిభామకు లీటరు నీళ్లలో 200 గ్రాముల కల్లుప్పు, కొంచెం సబ్బు. పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని, ఆకులకు పట్టించాలి. బకెట్‌తో గుమ్మరిస్తే కలుపుతోపాటు ఆ నేలా చస్తుంది. తుంగ జోలికి మాత్రం బ్రష్షుతో వెళ్లకండి, దాని ప్రాణం భూమిలోని గడ్డలో ఉంటుంది. గ్లైఫోసేట్ కలుపుమందు తెస్తానని లేవబోయేవారు కూర్చోవచ్చు: 2022 అక్టోబరులో కేంద్రం దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల చేతికి మాత్రమే పరిమితం చేసింది.

ఖాళీ ఎమల్షన్ బకెట్టుకు బోర్డో పేస్టు (చెట్ల మొదళ్లకు తెగుళ్లు పట్టకుండా పూసే మందు) శాఖ కేటాయించవచ్చు. అర లీటరు నీళ్లలో 100 గ్రాముల మైలుతుత్తం, వేరే అర లీటరులో 100 గ్రాముల సున్నం కరిగించి, రెండూ ఒకేసారి బకెట్లో పోసి కర్రతో కలపాలి. అందులో ఇనుప మేకు ముంచి తీయండి. ఎర్రటి రాగిపూత పట్టిందంటే సున్నం చాలలేదు, ఇంకాస్త పోయాలి. మేకుకే రంగేసే ద్రవం గన్ లోపలి లోహాన్ని ఏం చేస్తుందో ఊహించుకోవచ్చు. మామిడి, నిమ్మ మొదళ్లకు అదే రోజు పూసెయ్యాలి.

నేల మీద పరిచిన ప్లాస్టిక్ షీటునూ పారెయ్యొద్దు. జానెడు వెడల్పు ముక్క కోసి చెట్టు మొదలుకు చుట్టి, పైనా కిందా పురికొస కట్టి, సందులుంటే పుట్టీ పట్టీతో బంకమట్టి కూరి, షీటు మీద గ్రీజు పూస్తే పిండినల్లికి కాపలా కాసే చీమలు అక్కడే ఆగిపోతాయి. గ్రీజు నేరుగా బెరడుకు రాయకూడదు.

ఇలా మందు ముట్టిన బ్రష్షు మళ్లీ తలుపులకు పనికిరాదు. పిడికి ఎర్రదారం కట్టి, పిల్లలకందని చోట విడిగా వేలాడదీయండి. గన్ అటక మీదే ఉండనివ్వండి. దాని గాలి మోటారుతో ఏసీ ఫిల్టరు దుమ్ము దులపొచ్చని గృహస్థుకు ఈపాటికే తట్టి ఉంటుంది.