సవరణ: ఆడవాళ్ల భూమి గురించి నేను రాసిన అంకెలు తప్పు

పోయిన వారం పోస్టులో "ప్రపంచంలో తిండిగింజలు 80 శాతం ఆడవాళ్లే పండిస్తున్నారు, వాళ్ల పేరిట ఉన్న భూమి 1 శాతమే" అని రాశాను. ఈ రెండింటికీ సరైన ఆధారం లేదు. ఏళ్ల తరబడి తిరుగుతున్న మాటల్ని సరిచూడకుండా వాడాను. క్షమించండి.

ఒకే చేలో ఆలుమగలు కలిసి పండించిన మూటలో ఎవరి వాటా ఎంతని విడదీస్తాం? చేసే పనిని మాత్రం లెక్కపెట్టవచ్చు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2011 నివేదిక ప్రకారం వర్ధమాన దేశాల్లో సేద్యం చేసేవాళ్లలో సుమారు 43 శాతం ఆడవాళ్లు. మన దేశంలో 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దాదాపు 14 శాతం కమతాలు ఆడవాళ్లవి. విస్తీర్ణంలో 12 శాతం లోపే.

ఇంకో తప్పు నన్ను ఎక్కువ బాధపెడుతోంది. బంగారుపాళ్యం దగ్గర చెనక్కాయ చేలో కలుపు తీస్తున్న అక్క గురించి రాస్తూ, పుట్టింటి భూమిలో ఆమెకు హక్కు లేదన్నాను. ఉంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 1986 చట్టంతోనే హిందూ కుటుంబాల పిత్రార్జితంలో కూతుళ్లకూ సమాన హక్కు వచ్చింది. 2005లో దాదాపు దేశమంతటికీ వర్తించింది. మన రాష్ట్ర చట్టం అమల్లోకి రాకముందే పెళ్లయినవాళ్లకు ఆ చట్టం వర్తించలేదు. ఈమె పెళ్లి 2001లో జరిగింది కాబట్టి ఈమెకు వర్తిస్తుంది. మళ్లీ వెళ్లి చెబితే, మట్టి అంటిన తొలికను గట్టు మీద పెట్టి, "అన్నతో తగువు పెట్టుకుంటే పండక్కి పిలిచేదెవరు సార్?" అంది. అత్తింటి పాసుపుస్తకం మామ పేరు మీదే ఉంది. పంట రుణం కూడా ఆయనకే.

పాత పోస్టులో ఈ మూడు వాక్యాలూ మార్చాను. షేర్ చేసినవాళ్లు దయచేసి ఈ సవరణ కూడా పంపండి.