వీలునామా ఫైలు గారికి వారసుల విన్నపం

మహారాజశ్రీ వీలునామా ఫైలు గారి సముఖమునకు, వారసులు నమస్కరించి వ్రాసుకున్న విన్నపం.

నాన్నగారు పోయిన నాటి నుంచి మీరు, వీలునామాను అమలు చేయవలసిన ఎగ్జిక్యూటర్ అయిన మా పెదనాన్నగారి సంరక్షణలో ఉన్నారు. మీ దర్శనం కావాలని ఆయనను అడిగితే వకీలు దగ్గర ఉన్నారంటారు. వకీలు గారేమో ఆడిటర్ దగ్గర ఉన్నారంటారు. ఆడిటర్ గారు మీ పేరే వినలేదంటారు. వీలునామా చెల్లుతుందని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, అంటే ప్రొబేట్, వచ్చేదాకా ఓపిక పట్టమన్నారు, పట్టాము. అదీ వచ్చింది, మీరు మాత్రం రాలేదు.

ఒకసారి మీ నాడా వదులైనప్పుడు పైకాగితం మా కంట పడింది. ఆస్తుల జాబితా అట: ‘ఇల్లు – ఒకటి, నగలు – కొన్ని, డిపాజిట్లు – చూడాలి’. ఇంటి విషయంలో చూపిన కచ్చితత్వాన్ని మెచ్చుకోవలసిందే; మేమంతా అందులోనే పుట్టి పెరిగాము కనుక రెండని రాసినా నమ్మేవాళ్లం కాము.

1925 నాటి భారత వారసత్వ చట్టం 317వ సెక్షన్ ప్రకారం, కోర్టు గడువు పెంచితే తప్ప, ప్రొబేట్ మంజూరైన ఆరు నెలల్లో ఆస్తి అప్పుల పూర్తి జాబితాను, ఏడాదిలో జమాఖర్చుల లెక్కను కోర్టుకు సమర్పించాలి. పెదనాన్నగారికి చట్టం తెలియదనలేము. వీలునామా రాసినవారు మరణించిన నాటి నుంచి ఏడాది వరకు ఎవరి వాటా వారికి ఇచ్చి తీరాలన్న నిర్బంధం లేదన్న 337వ సెక్షన్ ఆయనకు కంఠతా వచ్చు. ఆ ఏడాది గడిచాక ఏం చేయాలన్న దగ్గరే జ్ఞాపకశక్తి మొరాయిస్తుంది.

ఆయన సొమ్ము తింటున్నారని మేమనడం లేదు. తినేవారైతే లెక్కలైనా రాసేవారేమో. కానీ రావలసిన బాకీలు వసూలు చేయకుండా ఊరుకున్నందువల్ల ఆస్తికి కలిగే నష్టాన్ని ఎగ్జిక్యూటరే పూడ్చాలని కూడా అదే చట్టం చెబుతోంది. ఎగ్జిక్యూటర్‌ను తొలగించి మరొకరిని నియమించే అధికారం హైకోర్టుకు ఉందని మర్యాదగానే గుర్తుచేస్తే, ‘మీ నాన్న నన్ను నమ్మాడు’ అని కళ్లు తుడుచుకున్నారు. నాన్నగారు నమ్మినది నిజమే. ఆ నమ్మకం మీలో ఏ పేజీలో ఉందో చూద్దామనే మా తాపత్రయం.

పిటిషన్ సిద్ధమైంది. దాన్ని ఎదుర్కోవడానికి తాను పెట్టుకునే వకీలు ఫీజును కూడా మీ ఖాతాలోనే రాస్తానని పెదనాన్నగారు ముందుగానే సెలవిచ్చారు.

ఇట్లు,
మీ దర్శనాభిలాషులైన వారసులు