ఆరెంజ్ డ్రాప్ వేస్తే టోన్ రాదు

నెల రోజుల్లో ఒకే మెసేజ్ మూడు గ్రూపుల నుంచి నా ఫోన్‌కి వచ్చింది. గిటార్ వాయించే కుర్రాళ్లు ఒకరికొకరు పంపుకుంటున్నారు. సారాంశం ఇదీ: "పాత ట్యూబ్ యాంప్ ఏది దొరికినా కొనెయ్, పాతబడేకొద్దీ టోన్ పెరుగుతుంది. ట్యూబులు మంచి బ్రాండువి వెయ్యి, లోపల కెపాసిటర్లు తీసేసి ఆరెంజ్ డ్రాప్ రకం వెయ్యి. స్పీకర్ జోలికి పోకు, అది చివర్న. బయాస్ అనేది టెక్నీషియన్లు డబ్బు గుంజడానికి పెట్టుకున్న మాట. అమెరికా నుంచి తెప్పించుకుంటే ఇంకా చవక, వోల్టులు తగ్గించే ఒక స్టెప్‌డౌన్ చాలు. రేపు అమ్మినా మోడ్ చేసిన, అంటే లోపల మార్పులు చేసిన, యాంప్‌కి ఎక్కువ రేటు వస్తుంది."

ట్యూబ్ యాంప్ అంటే పాత రేడియోల్లోలాంటి గాజు వాల్వులతో గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్లిఫైయర్. దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొనమనడం వరకూ నేనూ ఒప్పుకుంటాను. నాదీ అలా కొన్నదే. గొడవంతా ఆ తర్వాతి వరుసతోనే. ఏది ముందు చేయాలో అది చివరికి, ఏది అసలు చేయకపోయినా నష్టం లేదో అది మొదటికి తెచ్చి పెట్టారు.

"పాతబడేకొద్దీ టోన్ పెరుగుతుంది." ఊరేకొద్దీ రుచి రావడానికి ఇది ఆవకాయ కాదు. ట్యూబ్ యాంప్‌లో కరెంటును నిలకడగా ఉంచే పెద్ద కండెన్సర్లు (కెపాసిటర్లకే ఇంకో పేరు) ఉంటాయి, ఎలక్ట్రోలిటిక్ రకం. వాటి లోపల తడి పదార్థం ఉంటుంది. యాంప్ వాడినా, అటక మీద పడేసినా పదిహేను ఇరవై ఏళ్లలో అది ఎండుతుంది. ఎండితే గుర్రుమనే శబ్దం, బేస్ తీగ కొట్టినప్పుడు కింద ఇంకేదో బేసూరు స్వరం తోడు రావడం, గట్టిగా వాయిస్తే శబ్దం కుంగిపోవడం. పాత కార్బన్ రెసిస్టర్లు కూడా ఏళ్లు గడిచేకొద్దీ విలువ పెరిగి చిటపటమంటాయి. పాతబడి బాగుపడేది ఏదైనా ఉంటే స్పీకర్ కోన్ ఒక్కటే, అది కూడా కొంతవరకే.

అందుకే కొనే ముందు చూడాల్సింది బ్రాండూ కాదు, తయారైన సంవత్సరమూ కాదు. మీ గిటార్ మీరే పట్టుకెళ్లండి. యాంప్‌ని అరగంట ఆన్‌లో ఉంచమనండి, వేడెక్కాకే రోగాలు బయటపడతాయి. వాల్యూమ్ సున్నాకి తిప్పినా గుర్రు తగ్గకపోతే పవర్ సప్లై వైపు అనుమానించాలి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఎండిన కండెన్సర్ల గుర్రు 100 హెర్ట్జ్ దగ్గర వినిపిస్తుంది. గిటార్ పికప్ (తీగ కదలికని సిగ్నల్‌గా మార్చేది) పట్టుకునే గుర్రు 50 దగ్గర, ఒక ఆక్టేవ్ కింద. చెవి అలవాటు పడితే తేడా ఇట్టే తెలుస్తుంది. వెనక్కి వెళ్లి పవర్ ట్యూబులు, అంటే స్పీకర్‌ని నడిపేవి, చూడండి. మధ్యలో నారింజ వెలుగు ఉండాల్సిందే, అది ఫిలమెంట్. దాని చుట్టూ ఉన్న బూడిద రంగు రేకు ఎర్రబడుతుంటే మాత్రం వెంటనే ఆఫ్ చేయమనండి. ఇంకొక్కటి: స్పీకర్ వైరు పీకేసి ఉన్న ట్యూబ్ యాంప్‌ని "లైటు వెలుగుతోంది చూడండి" అని ఆన్ చేసి చూపిస్తుంటే బేరం ఆపి ఇంటికి రండి. లోడ్, అంటే స్పీకర్, లేకుండా నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది. యాంప్‌లో ఖరీదైన భాగాల్లో అదొకటి.

"మంచి బ్రాండు ట్యూబులు వెయ్యి." ఇక్కడ నా జేబుకి పడిన చిల్లు సంగతి చెప్పాలి. నేను కొన్న 15 వాట్ల యాంప్‌లో కాస్త గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) పెంచితే చాలు, శబ్దం ఇసుక నమిలినట్టు ఉండేది. అందరూ చెప్పిందే నేనూ చేశాను. సిగ్నల్‌ని మొదట పెంచే మూడు ప్రీయాంప్ ట్యూబులూ మార్చాను. ఇసుక పోలేదు. వాటి మీదున్న మూడు పేర్లలో రెండు ఒకే ఫ్యాక్టరీవని తర్వాత తెలిసింది.

ఇది చాలామందికి తెలియదు. సోవ్‌టెక్, ఎలక్ట్రో హార్మోనిక్స్, టంగ్-సోల్, ఇప్పటి మల్లార్డ్, జీనలెక్స్ గోల్డ్ లయన్, ఈ బ్రాండ్లన్నీ న్యూ సెన్సర్ అనే ఒకే కంపెనీవి, తయారయ్యేది రష్యాలోని సరాతోవ్‌లో. అసలు మల్లార్డ్ ట్యూబులు ఇంగ్లండ్‌లో, బ్లాక్‌బర్న్‌లో చేసేవారు. ఇప్పుడు డబ్బా మీదున్నది ఆ పేరు మాత్రమే. అవి చెడ్డవని అనడం లేదు, మంచివే. పేరు చూసి రెట్టింపు రేటు పెట్టొద్దంటున్నాను.

తేడా కావాలంటే బ్రాండు కాదు, రకం మార్చాలి. 12ఏఎక్స్7 ట్యూబ్ గెయిన్ గుణకం 100. అదే సాకెట్‌లో కూర్చునే 5751ది 70, 12ఏటీ7ది 60, 12ఏవై7ది 44. మొదటి ట్యూబ్ తీసి 12ఏవై7 పెడితే వాల్యూమ్ నాబ్ ప్రవర్తనే మారిపోతుంది. మెల్లగా పెరుగుతుంది, మూడో అంకె దగ్గరే శబ్దం పగలదు. ఇది చెవిటివాడికి కూడా తెలిసే మార్పు. నచ్చకపోతే రెండు నిమిషాల్లో పాతది పెట్టేసుకోవచ్చు, సోల్డరింగ్ అక్కర్లేదు.

"ఆరెంజ్ డ్రాప్‌లు వెయ్యి." నారింజ రంగు బిళ్లల్లా ఉండే ఫిల్మ్ కెపాసిటర్లు ఇవి. గట్టివి, ఏళ్లు మన్నుతాయి. కానీ ఉన్న కెపాసిటర్ పాడవనప్పుడు, అదే విలువది ఇంకో రంగులో పెడితే ఏం మారాలి? లెక్క చూద్దాం. 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్, దాని తర్వాత ఒక మెగోమ్ రెసిస్టర్ ఉంటే, అది అడ్డుకోవడం మొదలుపెట్టేది సుమారు 7 హెర్ట్జ్ కింద. గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ వదులుగా మోగితే వచ్చేది 82 హెర్ట్జ్. ఆ స్వరానికి కెపాసిటర్ ఏ కంపెనీదో అనవసరం. పైస్థాయి మెరుపుల మాటకొస్తే, 12 అంగుళాల గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక నిటారుగా పడిపోతుంది. కెపాసిటర్ ఎంత "గాలి" తెచ్చినా స్పీకర్ దగ్గర ఆగిపోతుంది.

కెపాసిటర్ విలువ మారిస్తే మాత్రం అది వేరే కథ. అన్నిటికన్నా చవకైన అసలు మోడ్ కూడా అక్కడే, టోన్ నాబ్‌ల చుట్టూ ఉంది. అరవైల నాటి నల్లముఖం (ముందు పలక నల్లగా ఉండే) ఫెండర్ యాంప్‌లలో టోన్ స్టాక్‌కి, అంటే టోన్ నాబ్‌ల సర్క్యూట్‌కి, దారితీసే రెసిస్టర్ 100 కిలోఓమ్‌లు. మార్షల్ యాంప్‌లలో అది 56, తర్వాత 33. ఆ సంఖ్య తగ్గేకొద్దీ మధ్యస్థాయి లోటు పూడుతుంది, గుంపులో గిటార్ వినబడుతుంది. బ్యాండ్‌లో వాయిస్తూ "నా యాంప్ ఇంట్లో బాగుంటుంది, స్టేజీ మీద మాయమైపోతుంది" అనేవాళ్లకి ముందు ఇది చేసి చూడమంటాను. కోఠి గుజరాతీ గల్లీలో ఆ రెసిస్టర్‌కి ఇచ్చేది చిల్లర డబ్బులే. మెసేజ్‌లో దీని ఊసే లేదు. ఖరీదు లేని దాన్ని ఎవరు గొప్పగా చెప్పుకుంటారు.

"స్పీకర్ జోలికి పోకు, అది చివర్న." మెసేజ్ మొత్తంలో అన్నిటికన్నా తప్పు మాట ఇది. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ షాపులో కెన్ బ్రాన్, డడ్లీ క్రావెన్ కలిసి మొదటి మార్షల్ యాంప్ చేసినప్పుడు, వాళ్ల ముందున్న నమూనా ఫెండర్ బేస్‌మన్, 5ఎఫ్6-ఏ సర్క్యూట్. దాదాపు గీత గీతకీ అదే. కానీ విన్నవాళ్లెవరూ అదీ ఇదీ ఒకటే అనలేదు. మొదటి ట్యూబ్ 12ఏవై7 బదులు ఇంగ్లండ్‌లో దొరికే ఈసీసీ83 అయింది, అంటే మన 12ఏఎక్స్7. కొన్నాళ్లకి పవర్ ట్యూబులు కేటీ66లు అయ్యాయి. ట్రాన్స్‌ఫార్మర్లు మారాయి. వీటన్నిటితో పాటు, వెనక తెరిచి ఉన్న పెట్టెలో నాలుగు 10 అంగుళాల జెన్సెన్‌ల బదులు, మూసిన పెట్టెలో నాలుగు 12 అంగుళాల సెలెస్టియన్‌లు వచ్చాయి. తీగల మీద చేయి పెట్టగానే తెలిసే తేడాలో పెద్ద వాటా ఆ పెట్టెది, ఆ స్పీకర్లది.

వాట్ల మోజు ఉన్నవాళ్లకి కూడా స్పీకరే జవాబు. 15 వాట్లు 30 అయితే పెరిగేది 3 డెసిబెల్సే. రెట్టింపు గట్టిగా అనిపించాలంటే సుమారు పదింతలు వాట్లు కావాలి. సెలెస్టియన్ విడుదల చేసిన లెక్కల్లో గ్రీన్‌బ్యాక్ మోడల్ సామర్థ్యం (ఒక వాటుకి ఇచ్చే శబ్దం) 98 డెసిబెల్స్, వింటేజ్ 30ది 100. ఒకదాని బదులు ఇంకోటి పెట్టడమంటే వాట్లు ఒకటిన్నర రెట్లు చేసినట్టే. గ్రీన్‌బ్యాక్ ఒక్కటే అయితే 25 వాట్ల వరకే భరిస్తుంది, 40 వాట్ల యాంప్‌కి ఒంటరిగా తగిలించొద్దు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకి దీన్నే తిరగేసి చెప్తాను: సామర్థ్యం తక్కువ స్పీకరే కొనుక్కోండి, పైఫ్లోర్ వాళ్లు దీవిస్తారు.

నా ఇసుక కథ ముగిసింది కూడా అక్కడే. ట్యూబులయ్యాక కెపాసిటర్లు కూడా మార్పించాను, సిగ్గు లేకుండా నారింజవే. ఆఖరికి వాల్వు రేడియోలు బాగుచేసిన ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చేతుల మీదుగా బెంగళూరు బీఈఎల్ వాల్వులు ఎన్ని వెళ్లాయో లెక్కలేదు. యాంప్ ఆన్ కూడా చేయలేదు. వెనక నుంచి టార్చి వేసి, "ఇది పాటల స్పీకర్ కదయ్యా, గిటార్ది కాదు" అన్నాడు. పెద్ద కోన్ మధ్యలో ఇంకో బుల్లి కోన్ ఉంది. సభల్లో మైకులకి పెట్టే పీఏ స్పీకర్. ముందు ఓనర్ అసలుది కాలిపోతే దొరికింది బిగించి అమ్మేశాడన్నమాట. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ పైన మింగేయాల్సిన గరగరనంతా అది నా చెవిలో పోస్తోంది. స్పీకర్ నిరోధం, అంటే ఓమ్‌లు కూడా సరిపోలేదు. యాంప్ వెనక 8 అని రాసుంటే స్పీకర్ 4. సరైన స్పీకర్ పెట్టిన సాయంత్రం ఇసుక పోయింది. ట్యూబులకీ కెపాసిటర్లకీ పెట్టిన డబ్బు పోనేపోయింది. పైన పటారం చూసి కొన్నందుకు ఫీజు అనుకున్నాను.

"బయాస్ అనేది డబ్బు గుంజే మాట." బయాస్ అంటే పవర్ ట్యూబులో ఎంత కరెంటు పారాలో సర్దిపెట్టడం. ఆ మాటలో సగం నిజం ఉంది కాబట్టే ఇది ప్రమాదం. వాక్స్ ఏసీ30, ఫెండర్ ట్వీడ్ డీలక్స్ లాంటివి క్యాథోడ్ బయాస్‌వి, ట్యూబ్ తనంతట తాను సర్దుకుంటుంది. వాటిల్లో ఒకే కొలతకి జతచేసిన ట్యూబులు పెట్టి వాయించుకోవచ్చు. ఫిక్స్‌డ్ బయాస్ యాంప్‌లకి ఆ సౌకర్యం లేదు. ఈఎల్84 అనే పవర్ ట్యూబ్ ప్లేట్ (ఆ బూడిద రంగు రేకు) తట్టుకునే వేడి 12 వాట్లు. ప్లేట్ మీద 320 వోల్టులుంటే, డెబ్బై శాతం దగ్గర ఉంచుదామనుకుంటే, 8.4 వాట్లు, అంటే ఒక్కో ట్యూబ్‌కి సుమారు 26 మిల్లీఆంపియర్లు. అంతకన్నా బాగా ఎక్కువైతే రేకు ఎర్రబడి ట్యూబ్ తొందరగా పోతుంది. బాగా తక్కువైతే శబ్దం సన్నబడి, స్వరం ఆరిపోయే చోట గీరుకుంటుంది. మన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కనబడే ఫెండర్ బ్లూస్ జూనియర్ కూడా ఫిక్స్‌డ్ బయాసే, పైగా చాలా వాటిలో దాన్ని సరిచేసే తిప్పుడు స్క్రూ ఉండదు. అది పెట్టించుకోవడం మాత్రం నిజంగా పనికొచ్చే మోడ్.

ఈ పని ఇంట్లో కూర్చుని చేయకండి. ప్లగ్ పీకేశాక కూడా కండెన్సర్లలో మూడు నాలుగు వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు. రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటర్‌తో చూసి, ఒక చేయి జేబులో పెట్టుకుని పనిచేసే అలవాటు ఉన్నవాళ్లకి ఇవ్వండి. కండెన్సర్ మీరే కొనిస్తుంటే ఒక జాగ్రత్త: పాతదాని మీద 500 వోల్టులని రాసుంటే, షాపులో సులువుగా దొరికే 400 వోల్టులది తేవద్దు.

"అమెరికా నుంచి తెప్పించుకో." డల్లాస్ నుంచి వచ్చే బావగారి లగేజీలో 14 కిలోల బ్లూస్ జూనియర్ ఒక పెట్టెకి సరిపోతుందన్న మాట నిజమే. కానీ అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230, 50. స్టెప్‌డౌన్ వోల్టులనే మారుస్తుంది, హెర్ట్జ్‌ని కాదు. ట్రాన్స్‌ఫార్మర్ ఇనుము మీద పడే భారం వోల్టుల్ని హెర్ట్జ్‌తో భాగిస్తే వచ్చేది: అక్కడ 120 బై 60, అంటే 2. ఇక్కడ 110 ఇచ్చే స్టెప్‌డౌన్ పెడితే 2.2, పది శాతం ఎక్కువ. ఇంట్లో కరెంటు 245కి ఎగబాకిన రోజు ఆ 110 కాస్తా 117 అవుతుంది. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లు భరిస్తాయి, కొన్ని పెనంలా కాగుతాయి. గంట వాయించాక చేయి పెట్టి చూస్తే తెలిసిపోతుంది. దానికన్నా పెద్ద భయం, చవక స్టెప్‌డౌన్‌లలో ఎర్త్ పిన్ ఉండకపోవడం. ఒక చేత్తో తీగలు పట్టుకుని పెదవి మైక్‌కి ఆనించేవాడికి ఎర్త్ లేని యాంప్ ఇవ్వకూడదు.

"మోడ్ చేసినదానికి ఎక్కువ రేటు వస్తుంది." రాదు. కొనేవాడు మొదట అడిగేది "లోపల ఎవరైనా చేయి పెట్టారా" అనే. పాత ఫెండర్లయితే మరీను, పాడవని అసలు కెపాసిటర్ ఒక్కటి మార్చినా బేరం తగ్గొచ్చు. నా యాంప్‌లోంచి తీసిన ప్రతి రెసిస్టరూ, కెపాసిటరూ, పాత ట్యూబులూ ఒక జిప్ కవర్లో వేసి, ఏది ఎక్కడిదో చీటీ రాసి, పెట్టె లోపల అడుగున టేపు వేసి అంటించాను. ఆ పీఏ స్పీకర్ మాత్రం పెద్దాయన అడిగి తీసుకున్నాడు, వాళ్ల వీధి రామాలయంలో మైక్‌కి కావాలట.