గీతల సీసా

(హైదరాబాద్ వారాసిగూడలో మూడో అంతస్తు ఫ్లాటు. పొద్దున పదకొండు. యాదగిరి రిటైరై ఏడాదిన్నర అయింది. ముప్పై ఏళ్లు ఆఫీసులో స్టాకు రిజిస్టరు రాసిన చెయ్యి. ఇప్పుడు రాద్దామంటే ఇంట్లో సామాను తప్ప స్టాకు లేదు. ముందు ఒక నోటుబుక్కు, గిన్నెలు తోమే లిక్విడ్ సీసా, స్కెచ్ పెన్ను.)

యాదగిరి: విజయా, ఇలా రా. ఈ సీసా ఏ రోజు తెరిచామో చెప్పు?

విజయ: పెళ్లిరోజు ఎప్పుడూ గుర్తుండదు మీకు. సీసా పుట్టినరోజు గుర్తుందా?

యాదగిరి: జూన్ 2.

విజయ: రాష్ట్ర అవతరణ రోజా! జెండా కూడా ఎగరేయాల్సింది.

యాదగిరి: వెక్కిరించకు. ఇవాళ ఆగస్టు 20. ఇంకా సగం ఉంది. ఇదివరకు నెల తిరక్కుండా అయిపోయేది. ఈ గీతలు చూడు, రోజుకొకటి పెట్టాను.

విజయ: నీళ్లు పోస్తే ఎందుకుండదూ.

యాదగిరి: వట్టి నీళ్లా? మంజీర నల్లా నీళ్లు. 2021లో నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితం అన్నారు. ఉచితంగా వచ్చేది వాడుకోకపోతే తప్పు మనదే.

విజయ: 20 వేల లీటర్లూ ఆ సీసాలోనే పోసేయండి, మనవడి పెళ్లి దాకా వస్తుంది. ఒకసారి మూత తీసి వాసన చూడండి.

యాదగిరి: (చూసి, మొహం అటు తిప్పుకుని) నిమ్మ వాసనే.

విజయ: కుళ్లిన నిమ్మకాయ వాసన! పాడవకుండా ఉండటానికి కంపెనీ వాడు అందులో మందేదో కొలిచి వేస్తాడు. మీరు నీళ్లు పోసేకొద్దీ ఆ మందు పలచబడుతుంది, సూక్ష్మజీవులు చేరతాయి. కలుపుకుంటే ఆ పూటకు కలుపుకోవాలి. నెలలకు నెలలు నిల్వ పెట్టడానికి అదేమన్నా ఆవకాయా?

యాదగిరి: ఆ పూటకంటే ఎంత? కొలత చెప్పు, రాసుకుంటాను.

విజయ: చిన్న గిన్నెడు నీళ్లలో ఒక చెంచా. స్పాంజి అందులో ముంచి తోముకోవాలి. స్పాంజి మీదే పిండితే సగం సింకులోకి పోతుంది. ముందు మెతుకులు తీసేసి, అడుగంటినవి నానబెట్టాలి. గ్లాసులు మొదట, నూనె మూకుడు ఆఖర్న. ఇంకోటి, మన బోరు నీళ్లలో నురగ సరిగ్గా రాదు. నురగ రాలేదని పనమ్మాయి మళ్లీ పిండుతుంది. మంజీర నీళ్లు వచ్చే రోజు ఒక బకెట్ పట్టి పెడితే తక్కువే పడుతుంది.

యాదగిరి: ఇదంతా మొదటే చెప్పొచ్చుగా?

విజయ: ముప్పై నాలుగేళ్లుగా చేస్తున్నాను. మధ్యలో ఒక్కసారి వంటింట్లోకి తొంగి చూస్తే కనపడేది.

యాదగిరి: (దెబ్బ తగిలింది, అయినా తగ్గడు) మరి మూత సంగతి? వాళ్లిచ్చిన మూతకు బొక్క ఇంత. నేను దబ్బనం కాల్చి వేరే మూతకు సన్నగా పెట్టాను. అదైనా ఒప్పుకో.

విజయ: అది బావుంది. ఒప్పుకుంటున్నాను.

(ఈ ఏడాదిన్నరలో ఆమె ఒప్పుకున్నది ఇదొక్కటే. ఆయన తారీఖు వేసి రాసుకున్నాడు.)

విజయ: ఫినాయిల్ సంగతి కూడా రాయండి మరి.

యాదగిరి: ఎందుకు రాయను? బేగంబజార్ వెళ్లి 5 లీటర్ల క్యాన్ తెచ్చాను. విడి సీసాల కన్నా ఎంతో చవక.

విజయ: వెళ్లేటప్పుడు బస్సు. వచ్చేటప్పుడు?

యాదగిరి: ...ఆటో. బరువు కదా.

విజయ: ఎంతిచ్చారు?

యాదగిరి: అది రవాణా పద్దు. సరుకు పద్దులో రాయకూడదు.

విజయ: తెచ్చి ఊరుకున్నారా? నీళ్లు కలిపి మంచినీళ్ల సీసాల్లో నింపి వరసగా పెట్టారు. తెల్ల ఫినాయిల్‌లో నీళ్లు పడితే పాలలా అవుతుంది. మొన్న ఎండన పడి వచ్చిన మా తమ్ముడు మజ్జిగనుకుని మూత తీశాడు. వాసన కొట్టింది కాబట్టి సరిపోయింది!

యాదగిరి: మీ తమ్ముడు ఏనాడు అడిగి తాగాడు గనక?

విజయ: తాగే సీసాల్లో అవి పొయ్యకూడదు. అంతే. అవన్నీ బాత్రూములకు వాడేసి, సీసాలు కోసి పారేశాను.

యాదగిరి: బాత్రూములంటే గుర్తొచ్చింది. టాయిలెట్ క్లీనర్ అడుగున కొంచెం ఉంది, బ్లీచింగ్ పౌడర్ కొంచెం ఉంది. రెండూ కలిపి ఒక్కసారే...

విజయ: ఆగండి! ఆ యాసిడ్‌లో బ్లీచింగ్ పడితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ఊపిరాడదు. ఆసుపత్రి ఖర్చు ఏ పద్దులో రాస్తారు?

(యాదగిరి నోటుబుక్కులో రేపటి పేజీ తీసి, ఒక లైను గట్టిగా కొట్టేశాడు.)

యాదగిరి: సరే, అవన్నీ వదిలెయ్. లెక్క లెక్కే. ఈ గీతలు అబద్ధం చెప్పవు. రోజూ ఒక్క చెంచా తగ్గింది, చెంచా మించలేదు. నీ కొలత కూడా అదేగా!

విజయ: (కాసేపు ఊరుకుని) కోప్పడనంటే ఒకటి చెబుతాను.

యాదగిరి: చెప్పు.

విజయ: ఆ సీసాతో గిన్నెలు తోమి నలభై రోజులైంది. కంపు కొడుతోందని పనమ్మాయి ముట్టుకోవట్లేదు. కొత్తది తెమ్మంటే మీరేమో పాతది సగముందంటారు.

యాదగిరి: మరి రోజూ ఎలా తగ్గుతోంది?

విజయ: పొద్దున్నే నేనే ఒక చెంచా సింకులో ఒంపుతున్నాను. గీత కదలకపోతే మీరు దిగులుపడతారని.

(పై ఫ్లాటులో మిక్సీ మోగి ఆగింది.)

యాదగిరి: చెంచా అంటే 5 మిల్లీలీటర్లు... నలభై రోజులు... 200 మిల్లీలీటర్లు! ఊరికే ఒంపేశావా!

విజయ: ఊరికే ఏమిటి? మీ సంతోషానికి.

యాదగిరి: ఇన్నాళ్లూ మరి గిన్నెలు దేంతో?

విజయ: సబ్బు బిళ్లతో.

యాదగిరి: (లేచి నిలబడి) బిళ్లా? చిల్లుల డబ్బాలో పెడుతున్నారా, నీళ్లలోనే వదిలేస్తున్నారా? నానితే రెండు రోజుల్లో కరిగిపోతుంది కదే!

(జవాబు కోసం ఆగకుండా వంటింటి వైపు నడిచాడు. రెండడుగులు వేసి వెనక్కొచ్చి స్కెచ్ పెన్ను తీసుకున్నాడు.)

విజయ: బిళ్ల మీద గీత నిలవదండీ!